మీనా చేతిలోని టైపురైటరు



1897వ సంవత్సరం అనగానే తెలుగు చదువుకున్నవారికి కన్యాశుల్కం స్ఫురిస్తుంది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన ఆ నాటకాన్ని గురజాడవారు అచ్చు వేయించినది ఆ ఏడే. అదే ఏడు మే మాసంలో లండను నగరంలో మరొక పుస్తకం వెలువడింది. అది బ్రామ్ స్టోకర్ అనే ఐర్లండు దేశీయుడు వ్రాసిన డ్రాక్యులా. ఒకటి హాస్యరస ప్రధానమైన సాంఘిక నాటకం, రెండవది భయానక రస ప్రధానమైన నవల. ఈ రెంటికీ పొత్తేమిటని మీరు నవ్వవచ్చు. నాకు కనిపించిన పొత్తు ఒక్కటే. రెండింటిలోనూ పెద్దమనుషులనిపించుకున్న మగవారు ఎందరో ఉంటారు; వారందరికంటే తెలివి గలది, చిక్కుముడి విప్పేది ఒక స్త్రీ. అక్కడ మధురవాణి, ఇక్కడ మీనా.

మీనా అనగానే యద్దనపూడి సులోచనారాణిగారి నవల, దాని ఆధారంగా విజయనిర్మలగారు 1973లో తీసిన చిత్రం గుర్తుకు వస్తే అది మీ తప్పు కాదు. ఈ మీనా ఆంగ్లేయ వనిత, పెళ్ళికి ముందు మీనా మర్రే, పెళ్ళయిన తరువాత మీనా హార్కర్. ఆమె వృత్తి ఏమిటో తెలుసునా? పాఠశాలలో ఉపాధ్యాయిని! ముప్పది ఏండ్లకు పైగా జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, ఆ ఒక్క మాటతో ఆమె మా ఇంటి మనిషి అయిపోయింది.

నేను ఈ నవలను పదవీ విరమణ తరువాతనే చదివాను. నాది పండిత శిక్షణ. ఛందస్సు, అలంకారం, వ్యాకరణం వచ్చినంతగా ఆంగ్లం రాదు. ప్రక్కన నిఘంటువు పెట్టుకుని, రోజుకు నాలుగైదు పుటల చొప్పున నెలల తరబడి చదివాను. అంతకుముందు డ్రాక్యులా అంటే నాకు తెలిసినది నల్లని అంగీ, రెండు కోరలు, కేకవేసి మూర్ఛపోయే ఒక అందగత్తె. పుస్తకం తెరిస్తే కోరల కంటె కాగితాలే ఎక్కువగా కనిపించాయి. నవల అంతా దినచర్యలు, లేఖలు, తంతులు, పత్రికా వార్తలు. ఒకరు వ్రాసినది మరొకరికి తెలియదు. భర్త జొనాథన్ హార్కర్ తన దినచర్యను షార్ట్‌హ్యాండులో వ్రాసుకున్నాడు. వైద్యుడు సీవార్డు తన అనుభవాలను ఫోనోగ్రాఫు మైనపు గొట్టాల మీద పలికి ఉంచాడు. ఎవరికి వారు తమకు తెలిసిన ముక్కను పట్టుకుని చీకటిలో తడుముకుంటూ ఉంటే, ఈ ముక్కలన్నింటినీ తెచ్చి, తేదీల వారీగా పేర్చి, టైపు కొట్టి, ఒక కథగా కూర్చినది మీనా. ఆమె ఆ పని చేసేవరకు తాము ఎవరితో పోరాడుతున్నారో ఆ మగవారికి పూర్తిగా తెలియనే తెలియదు.

ఇంకొక విశేషం చూడండి. ఆమె టైపు చేసేటప్పుడు ఒక్క ప్రతితో ఊరుకోలేదు, అదనపు ప్రతులు తీసింది. పిశాచి ఒకనాటి రాత్రి వచ్చి వ్రాతప్రతినీ మైనపు గొట్టాలనూ అగ్నికి ఆహుతి చేసినప్పుడు, ఇనుప పెట్టెలో ఉన్న మరొక ప్రతి వారిని కాపాడింది. మంత్రాలు, శిలువలు, వెల్లుల్లి రెబ్బలు చేయలేని పని కార్బను కాగితం చేసిందన్నమాట. రైళ్ళ వేళలు ఆమెకు కంఠస్థం. పిశాచి రక్తం తన నోట సోకినందున తన మనస్సుకూ వాడి మనస్సుకూ లంకె ఏర్పడిందని గ్రహించి, తనను హిప్నటైజు చేసి వాడి జాడ తీయమని అడిగినదీ ఆమే. చివర వాడు ఏ నది మార్గాన పారిపోతున్నాడో కాగితం మీద తర్కించి తేల్చినదీ ఆమే. కత్తి దూసినది మగవారే కావచ్చు; ఆ కత్తి ఏ దారిన పోవాలో చెప్పినది మీనా.

నా ఈడు వారికి టైపురైటరు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. పదవ తరగతి కాగానే టైపు ఇన్‌స్టిట్యూటులో చేరడం, లోయరు, ఆ తరువాత హయ్యరు, వీలైతే షార్ట్‌హ్యాండు. మధ్యతరగతి ఆడపిల్ల సొంత సంపాదనకు అది తొలిమెట్టు. అద్దె యంత్రం మీద గంటసేపు వేళ్ళు నొప్పి పుట్టేలా కొట్టి బయటకు వచ్చినప్పుడు, లోకం నా చేతికి ఒక అంగుళం దగ్గరగా వచ్చినట్లు ఉండేది. స్టోకరుగారి మీనా కూడా భర్తకు చేదోడుగా ఉండాలని పట్టుబట్టి ఆ రెండు విద్యలూ నేర్చుకున్నదే. భర్తకు సాయమని నేర్చిన విద్య చివరకు అందరికీ ప్రాణరక్షణ అయింది.

ఇక తెర సంగతి. నవల చదివిన తరువాత, మనుమలు చూపించగా, దొరికిన చిత్రాలన్నీ ఒక్కొక్కటిగా చూశాను.

1922లో జర్మనీలో ముర్నౌ తీసిన మూకీ చిత్రం నొస్ఫెరాటు. అనుమతి లేకుండా తీసినది కనుక పేర్లు మార్చారు. మీనా అక్కడ ఎల్లెన్ అయింది. ఆమె చేసే ఘనకార్యం ఏమిటంటే, నిష్కళంక అయిన స్త్రీ తనను తాను అర్పించుకుని కోడి కూసేవరకు పిశాచిని నిలుపగలిగితే వాడు నశిస్తాడని ఒక గ్రంథంలో చదివి, అలాగే చేసి, ప్రాణం విడుస్తుంది. త్యాగం గొప్పదే. కాని కలం పోయింది, తర్కం పోయింది. దేహం ఒక్కటే మిగిలింది.

1931లో టాడ్ బ్రౌనింగ్ తీసిన హాలీవుడ్ చిత్రంలో బేలా లుగోసీ డ్రాక్యులా. అందులో మీనా ఉపాధ్యాయిని కాదు, సీవార్డుగారి కుమార్తె. పనీపాటా లేదు. కలవరపడుతుంది, నిద్రలో నడుస్తుంది, మగవారు ఆమె గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. 1958లో బ్రిటనులో హామర్ సంస్థ తీసిన చిత్రంలో ఆమె ఆర్థర్ అనే వాని భార్య. పిశాచి బారి నుండి రక్షింపబడవలసిన గృహిణి. 1992లో కొప్పోలా తీసిన చిత్రానికి స్టోకరు పేరే శీర్షికలో పెట్టారు. అక్కడ మీనాకు ఉద్యోగం తిరిగి వచ్చింది, టైపురైటరూ వచ్చింది, సంతోషించాను. అంతలో తెలిసినది, ఆమె పూర్వజన్మలో డ్రాక్యులా భార్య అని! మూగమనసులు చూసి కంటతడి పెట్టిన జాతి మనది. పునర్జన్మ ప్రణయం మనకు కొత్త కాదు. అయినా నా మనస్సు చివుక్కుమంది. నవలలో ఆమెకు జరిగినది బలాత్కారం. తాను మలినమైపోయానని ఆమె విలపిస్తుంది, ఆ మరుసటి ఘడియలోనే శత్రువును పట్టే ఉపాయం ఆలోచిస్తుంది. ఆ బలాత్కారాన్ని తెర మీద వలపుగా మార్చారు. ఈ చిత్రంలో చివరి వేటు వేసేది ఆమె చేయే. న్యాయంగా ఆ మాట చెప్పాలి. కాని ఆ వేటు ప్రియునికి విముక్తినిచ్చే ప్రేయసి వేటు. శత్రువును బుద్ధిబలంతో వెంటాడిన ఉపాధ్యాయిని అక్కడ లేదు.

ఎందుకు ఇలా జరుగుతుంది? దర్శకులకు స్త్రీలంటే పగ అని అనను. లేఖలతో, దినచర్యలతో అల్లిన నవలలో కథ చెప్పేవారే కథానాయకులు. కలం ఎవరి చేతిలో ఉంటే బలం వారిది. కెమెరా వచ్చిన క్షణాన ఆ కలం అనవసరమవుతుంది. కూర్చుని ఆలోచించే స్త్రీని చూపడం కష్టం, కేకవేసే స్త్రీని చూపడం సులభం. పైగా 1931 నాటి చిత్రానికి మూలం నేరుగా నవల కాదు, 1924లో ఇంగ్లండులో మొదలై 1927లో అమెరికా చేరిన రంగస్థల నాటకం. రంగస్థలానికి కావలసినది ఒక గది, నలుగురు మనుషులు, ఒక విలన్. అక్కడ ఒకసారి తరిగిపోయిన మీనా, తరువాత వచ్చినవారికి తరిగిన రూపంలోనే సంక్రమించింది.

ఈ తరుగుదల పడమటి దేశాలకే పరిమితమైనదని మనం గర్వపడనక్కరలేదు. శకుంతలను తలచుకోండి. నన్నయ భారతంలో ఆమె దుష్యంతుని కొలువులో నిలబడి వాదిస్తుంది. సత్యమంటే ఏమిటో, పుత్రుడంటే ఏమిటో, భార్య అంటే ఏమిటో రాజుకు పాఠం చెబుతుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఆ ఘట్టం చెప్పేటప్పుడు వెనుక బెంచీల ఆడపిల్లలు నిటారుగా కూర్చోవడం నేను ఎన్నో ఏండ్లు చూశాను. అక్కడ ఉంగరం లేదు, శాపం లేదు. కాళిదాసు మహాకవి, ఆయన శకుంతల కూడా కొలువులో కోపిస్తుంది. అయినా ఆయన కథలో గెలిపించేది ఆమె వాదం కాదు, చేప కడుపులో దొరికిన ఉంగరం. రాజు దోషం దుర్వాసుని శాపం మీదకు పోయింది. మన తెలుగు తెర 1966లో రామారావు, సరోజాదేవి నటించిన శకుంతలలోను, 2023 నాటి శాకుంతలంలోను కాళిదాసు దారినే పట్టింది. నన్నయ శకుంతల పద్యాలలోనే ఉండిపోయింది. మీనా చేతి టైపురైటరు పోయి పూర్వజన్మ వచ్చినట్లే, శకుంతల నోటి వాదం పోయి ఉంగరం వచ్చింది.

దయ్యాల కథలకే వద్దాము. 1993లో ఫాజిల్ దర్శకత్వంలో మణిచిత్రతాళ్ అనే మలయాళ చిత్రం వచ్చింది. కన్నడంలో ఆప్తమిత్రగా, తమిళంలో చంద్రముఖిగా, హిందీలో భూల్ భులయ్యాగా మారింది. 2010లో తెలుగులో నాగవల్లి వచ్చింది. 2005 నాటి చంద్రముఖి అనువాదాన్ని మన పల్లెల్లో చూడనివారు అరుదు. మూలచిత్రం గంగది. చిన్ననాట తల్లిదండ్రులకు దూరంగా పెరిగిన ఆమె ఏకాకితనం, ఎప్పుడో ఒక ప్రభువు చేతిలో బలి అయిన నర్తకి కథతో ఆమె మనస్సు పెనవేసుకుపోవడం, ఇవే దానికి ప్రాణం. ఆ పాత్రకు శోభనగారికి జాతీయ పురస్కారం వచ్చింది. మానసిక వైద్యుడు కథ కొంత నడిచిన తరువాతనే అడుగు పెడతాడు. చంద్రముఖి నాటికి ఆ వైద్యుడు తార అయినాడు కనుక మొదటనే ఒక పోరాటం, ఒక పాట కావలసివచ్చాయి. నర్తకిని చంపిన రాజు వేషం కూడా ఆయనదే. జ్యోతికగారు ప్రాణం పెట్టి నటించారు, కాదనను. అయినా థియేటరు నుండి బయటకు వచ్చిన పిల్లలు వారాల తరబడి అనుకరించినది ఎవరిని? ఆ రాజు లకలక నవ్వును! తల తెగిన ప్రియుడు, సజీవ దహనమైన నర్తకి, ఆమె మొర అంతా ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

దీనికి ఎదురు నిలిచేది ఒకటి మన దగ్గరే ఉన్నది. 2009లో కోడి రామకృష్ణగారు తీసిన అరుంధతి. అది ఏ నవల నుండీ తీసినది కాదు. తరుగడానికి మూలం లేదు. అందులోనూ స్త్రీ ప్రాణత్యాగం ఉన్నది. జేజెమ్మ ప్రాణం విడిచి, తన ఎముకలతో ఆయుధం చేయించి, మరుజన్మలో ఆ ఆయుధంతో పశుపతిని సంహరిస్తుంది. దధీచి మహర్షి ఎముకలు వజ్రాయుధం అయినట్లు! నొస్ఫెరాటులో ఎల్లెన్ త్యాగం ఎర, జేజెమ్మ త్యాగం ఆయుధం. పునర్జన్మ సూత్రం కూడా అక్కడ ప్రణయానికి కాక, చేపట్టిన పనిని పూర్తి చేయడానికి ఉపయోగపడింది. పెళ్ళికొడుకు ఉన్నాడు, కాని కథకు అడ్డు రాడు. బొమ్మ హంగామాగా ఉన్నదని, భీభత్సం హెచ్చయిందని అనేవారున్నారు, ఒప్పుకుంటాను. అయినా అనుష్కగారు తెర మీద నిలబడినప్పుడు మా వీధి ఆడవారు వెన్ను నిటారు చేసుకున్నారు. తెరకు బలమైన స్త్రీని చూపడం చేతకాదన్న మాట అబద్ధమని అంతటితో తేలిపోయింది.

దయ్యాల సినిమాల మీద ఈ వయస్సులో ఇంత ఆవేదన ఎందుకు అని మా ఇంట్లోనే అడిగారు. దానికి నా సమాధానం నవలలోని ఒక ఘట్టంలో ఉన్నది. నేను చూసిన చిత్రాలలో అది నాకు దాని నిండు అర్థంతో కనబడలేదు.

మీనా కాగితాలన్నీ కూర్చి పెట్టిన తరువాత, ఆ పెద్దమనుషులు ఒక తీర్మానం చేస్తారు. ఇక మీదట ఈ భయంకరమైన పని మగవారిది, ఆమెకు ఏమీ చెప్పకూడదు, ఆమె నిద్రపోవాలి అని. అందరూ మంచివారే, ఆమె మీద ప్రేమతోనే ఆ మాట అంటారు. వారు ప్రక్క ఇంట పిశాచి పెట్టెలు వెదకబోయిన రాత్రి, పిశాచి ఒంటరిగా నిద్రిస్తున్న మీనా దగ్గరకే వచ్చాడు. ఆమె ముఖం పాలిపోతూ ఉంటే అలసట అనుకున్నారు. రహస్యం ఉంచాలన్నది వారి నియమం కనుక ఆమె కూడా తన పీడకలను చెప్పలేదు. రక్షణ పేరిట మూసిన తలుపు ఏ హాని చేసిందో స్టోకరుగారు కథలోనే నిరూపించారు. తిరిగి ఆమెను సభలోకి పిలిచినప్పుడే పిశాచి జాడ దొరికింది.

ఈ ఘట్టం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిరప పండే ఒక పల్లెలో పనిచేస్తున్నప్పుడు నా తరగతిలో ఒక పిల్ల ఉండేది. ముత్యాల వంటి దస్తూరి. తండ్రి గుంటూరు యార్డుకు వేసిన బస్తాల చీటీలు ఆ పిల్లే లెక్క కట్టేది. తూకంలో తేడా వస్తే పట్టుకునేది. వీధిలోని పొదుపు సంఘం పుస్తకం కూడా ఆమె చేతి వ్రాతే. పదవ తరగతి మంచి మార్కులతో అయింది. కాలేజీకి బస్సులో పోవాలి. “ఆడపిల్ల, రోజులు బాగాలేవు టీచర్‌గారూ” అన్నాడు తండ్రి. దుర్మార్గుడు కాడు, కూతురంటే ప్రాణం. మరుసటి ఏడే సంబంధం కుదిర్చారు. మాటలు వసారాలో మగవారి మధ్య జరిగాయి, ఆ పిల్ల లోపల ఉన్నది. పెళ్ళయిన తరువాత తెలిసినది, చూపించిన పొలం అంతా తాకట్టులో ఉన్నదని. చాలా ఏండ్లకు బస్సులో కలిసి నాతో ఒకే మాట అన్నది: “ఆ కాగితాలు ఒక్కసారి నాకు చూపించి ఉంటే కనిపెట్టేదాన్ని టీచర్.” నిజమే. ఆ ఇంటిలో కాగితం చదవగలిగినది ఆమె ఒక్కతె. ఆమెకు తప్ప అందరికీ చూపించారు.

మా మంగళగిరి చేనేత ఊరు. గుంట మగ్గం మీద కూర్చున్న మగవానినే లోకం నేతగాడు అంటుంది. నూలు తోడి, రాట్నం మీద కండెలు చుట్టి, తెగిన పోగులు అతికించే ఇల్లాలికి వేరే పేరు లేదు. కండె లేనిదే నాడె ఆడదు, నాడె ఆడనిదే నిజాం అంచు చీర లేదు. మీనా చేసినది కూడా అటువంటి పనే. పడుగు ఒకరిది, పేక ఒకరిది, పోగులు కలిపి గుడ్డ చేసినది ఆమె. తెర ఆ పనిని తీసివేసినప్పుడు పోయేది ఒక పాత్ర గౌరవం మాత్రమే అయితే నేను ఈ టపా వ్రాసేదానిని కాదు. ఆడవారు వ్రాసేది, లెక్క వేసేది, కూర్చేది కథలో లెక్కలోకి రాదని మరొక తరం పిల్లలు నేర్చుకుంటారు. వసారా తలుపు మరి కాస్త బిగుసుకుంటుంది.

ఒక పుస్తకం రూపం మారినప్పుడల్లా స్త్రీ చిన్నది కావలసిందేనా అంటే, కాదనడానికి గురజాడవారే సాక్ష్యం. 1897 నాటి తొలికూర్పులో మధురవాణిది పరిమితమైన పాత్ర. ఆయన ఆ నాటకాన్ని అంతటితో వదలక తిరగవ్రాసి 1909లో రెండవ కూర్పు వెలువరించారు. ఈనాడు మనకు తెలిసిన మధురవాణి ఆ రెండవ కూర్పులోనిది. అందరి గుట్లూ ఎరిగినది, మగవేషంలో సౌజన్యారావుగారి ఇంటికి పోయి ఆయన చేతనే తన మనిషితనాన్ని ఒప్పించినది, గిరీశం గుట్టు బయటపెట్టినది ఆమె. 1955లో పి. పుల్లయ్యగారి చిత్రంలో సావిత్రిగారు ధరించినది ఆమెనే. ఆ కళ్ళలోని చురుకును తెర హరించలేకపోయింది. కథను మరల ముట్టుకున్నవాడు స్త్రీని పెంచనూ వచ్చు.

డ్రాక్యులా చదవదలచినవారికి మూలగ్రంథం అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. ఆంగ్లం నావలె కొంచెమే వచ్చినా భయపడవద్దు. దినచర్యలు కనుక చిన్న చిన్న ముక్కలుగా చదువుకోవచ్చు. ఇంటిలో ఆడపిల్ల ఉంటే సినిమా కంటె ముందు ఆ పుస్తకం ఆమె చేతికివ్వండి. మీరు చదివిన నవలలలో తెర మీదకు వచ్చి తరిగిపోయిన స్త్రీలు, అరుదుగానైనా పెరిగినవారు ఉంటే వ్యాఖ్యలలో తెలియజేయండి. ఆ పట్టిక నేను తేదీల వారీగా కూర్చి, ఒకటికి రెండు ప్రతులు తీసి పెడతాను.